బిల్లు ఏదయ్యా?

తిన్న పళ్లెం పక్కకు జరిపి, ఆ ముసలాయన చెయ్యి చాచాడు.

"బిల్లు ఏదయ్యా?"

అర్గిరిస్ ఉలిక్కిపడ్డాడు. గ్రీసు దేశంలోని వోలోస్ రేవులో పద్దెనిమిదేళ్లుగా హోటల్ నడుపుతున్నాడు. తిన్నవాళ్లు బాగుందంటారు, బాగాలేదంటారు, రేపిస్తామంటారు. బిల్లు అడిగిన మనిషిని మాత్రం చూడలేదు. ఇంతయిందని నోటితో చెబితే ఇస్తారు, అక్కడితో సరి.

"మిషన్‌లో కాగితం అయిపోయింది పెద్దాయనా."

"పరవాలేదు, తెచ్చుకో. నాకేం తొందర లేదు," అని ముసలాయన కుర్చీలో వెనక్కి వాలాడు.

తెచ్చుకోక తప్పలేదు. ముసలాయన బిల్లును కళ్లకు దగ్గరగా పెట్టుకుని తేదీ చూశాడు, టైము చూశాడు, మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

పన్నుల ఆఫీసువాడే అని తేల్చేసింది అర్గిరిస్ భార్య కలియోపి.

మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. గల్లాపెట్టె పక్క బల్లే కావాలన్నాడు. చేప తెచ్చి పెడితే తినే ముందు దాని కన్ను చూసేవాడు, మొప్ప ఎత్తి చూసేవాడు. అంతటితో ఊరుకోక పక్క బల్లల మీది పళ్లేల్లోకీ తొంగిచూసేవాడు.

ఒకరోజు అర్గిరిస్ చెత్త పారబోసే వంకతో వెనకాలే వెళ్లాడు. ముసలాయన గట్టు మీద నిలబడి ఫోనులో ఎవరికో బిల్లు చదివి వినిపిస్తున్నాడు.

"ఒంటిగంటా నలభై. చిక్కుడు గింజలు, ఒక చేప, రొట్టె. ఇవాళ్టిదే. అబద్ధం ఎందుకు చెబుతాను?"

పైవాళ్లకు కబురందిస్తున్నాడనుకుని అర్గిరిస్ చెత్త పారబోయకుండానే వెనక్కి పరుగెత్తాడు.

ఇక ఆ రోజు నుంచి హోటల్లో కాఫీ తాగినా బిల్లే. ఆయన ఏ వేళకు ఊడిపడతాడో తెలియదు కదా. పన్ను కట్టినప్పుడల్లా అర్గిరిస్ ఆయన్ని మనసారా తిట్టుకునేవాడు. విసిగి రావడం మానేస్తాడేమోనని కూరలో ఉప్పు పెంచి చూశాడు, నిన్నటి రొట్టె పెట్టి చూశాడు. ముసలాయన కిక్కురుమనకుండా తిని, మళ్లీ చెయ్యి చాచేవాడు.

పక్క హోటల్ ప్రోకోపిస్‌కు ఇది రోజూ వినోదమే. "మీ మామగారు వస్తున్నార్రా, లేచి నిలబడు," అని గట్టు మీంచి కేకేసేవాడు. వాడు మాత్రం తన బిల్లు మిషన్ మీద తులసి కుండీ పెట్టుకున్నాడు.

ఏడాది ఇలా గడిచింది. మార్చిలో కరోనా వచ్చి రేవులో హోటళ్లన్నీ మూతపడ్డాయి.

అద్దె ఆగదు, కొత్త ఫ్రిజ్ వాయిదా ఆగదు. వేసవి దాకా నిలబడలేకపోతే హోటల్ అమ్ముకుని, ఏథెన్స్‌లో బావమరిది దగ్గర పనికి చేరాలి. బావమరిది అంటే అర్గిరిస్‌కు పన్నుల ఆఫీసు కన్నా భయం.

అంతలో ప్రభుత్వం వ్యాపారులకు సాయం ప్రకటించింది. నిరుడు ఎంత అమ్మారో, ఇప్పుడు ఎంత పడిపోయిందో చూసి దాన్నిబట్టి ఇస్తారట. కలియోపి దరఖాస్తు నింపింది. కొన్నాళ్లకు బ్యాంకు ఖాతా చూసింది, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఏథెన్స్ వెళ్లక్కర్లేదయ్యా," అంది. "కాగితాల్లో చూస్తే ఈ రేవు మొత్తానికి చేపలు అమ్మింది నువ్వొక్కడివే."

ప్రోకోపిస్‌కు వచ్చిన డబ్బు తులసి కుండీకి ఎరువు కొనడానికి సరిపోతుంది. కాగితాల్లో అతను నిరుడంతా రోజుకు నాలుగు కాఫీలు అమ్మాడు మరి. అర్గిరిస్ అతన్ని ఆ వేసవికి తన పొయ్యి దగ్గర పెట్టుకున్నాడు.

మే నెలాఖరులో హోటళ్లు తెరిచారు. అర్గిరిస్ గల్లాపెట్టె పక్క బల్ల మీద కొత్త గుడ్డ పరిచాడు. ఆ బల్ల ఇంకెవరికీ ఇవ్వలేదు. రోజూ మంచి చేప ఒకటి తీసి ఉంచేవాడు, ఉప్పు తానే రుచి చూసేవాడు. తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసేది.

ముసలాయన రాలేదు.

తొమ్మిదో రోజు నడివయసు స్త్రీ ఒకావిడ చెప్పుల పెట్టె పట్టుకుని వచ్చింది. పేరు మిర్సిని, ఉండేది లారిస్సాలో అని చెప్పింది. మూత తీస్తే లోపల నిండా అర్గిరిస్ ఇచ్చిన బిల్లులే, నెలకొక కట్ట చొప్పున రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి.

"మా నాన్నవండి. హోటళ్లు మూశాక నా దగ్గరకు తీసుకెళ్లాను. ఏప్రిల్‌లో నిద్రలోనే పోయారు. ఏడాదిపాటు ఆయనకు అన్నం పెట్టిన చోటు ఒకసారి చూసి వెళ్దామని వచ్చాను."

అర్గిరిస్ ఆమెను ఆ బల్ల దగ్గరే కూర్చోబెట్టాడు. ఆయన పన్నుల ఆఫీసులో పెద్ద ఉద్యోగమే చేసి ఉంటారని మెల్లగా అన్నాడు.

ఆమె ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత కళ్లనీళ్లతోనే నవ్వేసింది.

భార్య పోయాక ఆయన సరిగా తినడం మానేశాడట. ఫోను చేస్తే తిన్నానని అబద్ధాలు చెప్పేవాడట. అందుకని రోజూ బిల్లు చదివి వినిపించాలని, ఒక్కరోజు తప్పినా వచ్చి లారిస్సా పట్టుకుపోతానని ఆమె బెదిరించిందట. ఆ బెదిరింపుకే భయపడి ఆయన ఏడాది పొడుగునా బిల్లులు అడిగాడు.

"ఉప్పు సంగతి చెప్పారా?" అర్గిరిస్ తల దించుకుని అడిగాడు.

"చెప్పారు. కుర్రాడు మంచోడే, చెయ్యి కాస్త జారుతుందంతే అనేవారు."

అర్గిరిస్ లోపలికి వెళ్లి, ఆయన కోసం తీసి ఉంచిన చేప కాల్చి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె తినబోతూ మొప్ప ఎత్తి చూసింది.

"నాన్న నేర్పిన అలవాటండి," అంది. "అమ్మ సొంతూరని ఇక్కడికి వచ్చారు గానీ, నలభై ఏళ్లు కవాలా బజారులో చేపలమ్మిన మనిషి, ఒక్కరికంటే ఒక్కరికి బిల్లు ఇచ్చిన పాపాన పోలేదు."