రెండు నీళ్ల కూర

"ఆరు పాయింట్ రెండు," అంది నర్సు ఫెబా, రిపోర్టు మీంచి తలెత్తకుండా. "పోయినసారి ఐదున్నర. ఏం పెడుతున్నావమ్మా మీ ఆయనకి?"

రెబ్కా లోపలికి చూసింది. గాజు తలుపు అవతల దానయ్య డయాలసిస్ మంచం మీద కళ్లు మూసుకుని ఉన్నాడు. పాతికమంది కూలీలను ట్రాక్టరెక్కించి మిరపకోతలకు తోలుకెళ్లిన ముఠా మేస్త్రి, ఇవాళ చేతిమీద దోమ వాలినా తోలుకోలేకపోతున్నాడు.

"మీరు చెప్పినట్టే చేస్తున్నానండి. ఏ కూరైనా తొక్క తీసి, సన్నగా కోసి, రెండు గంటలు నానబెట్టి ఆ నీళ్లు తీసేస్తున్నా. మళ్లీ నిండా నీళ్లు పోసి ఉడకబెట్టి అవీ వార్చేస్తున్నా. టమాటా, గోంగూర, అరటిపండు, కొబ్బరినీళ్లు గడప తొక్కనివ్వట్లేదు."

ఫెబా కాగితం మడిచింది. "కూరల్లో ఉండే పొటాషియం మనకి బలం. కిడ్నీలు పోయినవాళ్లకి అదే విషం. రక్తంలో అది ఏడు దాటితే గుండె ఆగిపోవచ్చు. నీకు తెలియకుండా ఎవరో ఏదో పెడుతున్నారు. ఎవరో కనిపెట్టు."

రెబ్కా అనుమానం మొదట ప్రేమదాసు మీదికి వెళ్లింది. వారానికి రెండుసార్లు వాళ్లను ఒంగోలు తెచ్చి తీసుకెళ్లేది అతని ఆటోలోనే. దానయ్యకు చిన్ననాటి స్నేహితుడు. ఆరోజు తిరుగు ప్రయాణంలో వెనక సీటు కింద కొబ్బరిబోండాం డొప్ప దొర్లుకుంటూ వచ్చి ఆమె కాలికి తగిలింది.

"ఇదెవరు తాగారన్నా?"

"నేనే చెల్లెమ్మా, ఎండకి. కావాలంటే బైబిలు తే, చెయ్యేసి చెబుతా."

దానయ్య నీరసంగా నవ్వాడు. "వీడు నాకు బోండాం కొనిచ్చే రకమా? బీడీ అడిగితేనే ఏడ్చేవాడు."

అయినా ఆ రోజు నుంచి ఆటో ఎక్కేముందు రెబ్కా సీట్ల కింద వెతకడం మొదలెట్టింది. వాకిట్లో గేటుకు తాళం వేసింది. ప్రార్థనకు వచ్చిన ఆడవాళ్లు అరటిపళ్లు తెస్తే గేటు దగ్గరే దణ్ణం పెట్టి వెనక్కి పంపింది. వాళ్లు ముఖం ముడుచుకుని వెళ్లారు.

అతనొక్కడే చప్పిడి తింటుంటే మిగతావాళ్ల కంచాల మీదికి కన్ను పోతుందని, నెలరోజులుగా తనకీ, కూతురు స్తుతికీ, అత్తగారికీ కూడా ఆ వార్చిన కూరే. తోటకూర, చిక్కుడు, బంగాళదుంప, క్యారెట్, ఏది తెచ్చినా అందరికీ కలిపి పెద్ద గిన్నెలో ఒకే వంట.

మొదట్లో అత్తగారు సువార్తమ్మ పెద్ద గొడవే చేసింది. "సారమంతా వార్చేసి వాడికి పిప్పి పెడుతున్నావు. పిప్పి తిని మనిషి లేస్తాడా?" అని వీధికి వినపడేట్టు కేకలేసింది. రెబ్కా ఓపిగ్గా, నర్సు చెప్పిన మాటలే మళ్లీ మళ్లీ చెప్పింది. చివరికి ముసలామె మెత్తబడింది. మెత్తబడటమే కాదు, పనిలో చెయ్యి కూడా వేసింది. వార్చిన నీళ్లు రెబ్కా పారబోయబోతే, "బర్రె తాగుద్దిలే," అని బేసిను అందుకుని దొడ్లోకి మోసుకుపోయేది. సాయంత్రం దొడ్లో పొయ్యి మీద కొడుక్కి మిరియాల చారు కాచేది. దాని సంగతి కూడా రెబ్కా నర్సును అడిగింది. మిరియం, జీలకర్ర తప్ప మరేదీ వెయ్యకపోతే రోజుకో గ్లాసు పర్లేదంది. దానయ్య ఇష్టంగా తాగేది అదొక్కటే.

రెబ్కా ఇప్పుడు కూరలు నాలుగు గంటలు నానబెడుతోంది. రెండు నీళ్లు చాలవని మూడో నీళ్లు కూడా వారుస్తోంది. ముక్కలు నోట్లో పెడితే తడిపిన దూదిలా ఉన్నాయి. స్తుతి ముద్ద ముద్దకీ నీళ్లు తాగి మింగుతోంది.

మంగళవారం రిపోర్టు వచ్చింది. ఆరు పాయింట్ ఆరు.

"నిజం చెప్పవయ్యా, ఎవరు పెడుతున్నారు నీకు?" ఇంటికొచ్చాక భర్త కాళ్ల దగ్గర కూలబడి అడిగింది.

"నీ కూరా, అమ్మ చారూ తప్ప ఏం ముట్టలేదే. అన్నీ వార్చేశావు. ఇక వార్చడానికి నేనే మిగిలా."

శుక్రవారం తెల్లారేసరికి అతని కాళ్లు లేవలేదు. ప్రేమదాసు ఎత్తుకొచ్చి ఆటోలో పడుకోబెట్టాడు. రోడ్డుకు రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. అవి తన ముఠా కోసినవే అయినా దానయ్య తల తిప్పి చూడలేదు. సువార్తమ్మ కొడుకు తల ఒళ్లో పెట్టుకుని, రాత్రి కాచిన చారు ఫ్లాస్కులోంచి కొంచెం కొంచెంగా నోట్లో పోసింది. "తాగు నాయనా, ఓపికొస్తది." రెబ్కా అడ్డు చెప్పలేదు. ఉత్త చారేగా.

ఏడు పాయింట్ ఒకటి.

డాక్టర్లు పరుగెత్తారు. గాజు తలుపుకు తెర పడింది. బయటికొచ్చిన ఫెబా ఈసారి కోప్పడలేదు. మిషను మీద పెట్టామనీ, చేయాల్సిందంతా చేస్తున్నామనీ, ఎదురుచూడటం తప్ప దారి లేదనీ చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

రెబ్కా వరండాలో నేలమీదే కూర్చుండిపోయింది. "మూడు నీళ్లు వార్చానత్తా. ఆ కూరలో ఏం మిగల్లేదు. ఇంకెక్కణ్ణుంచి వస్తోంది ఆ మాయదారి బలం?"

సువార్తమ్మ ఖాళీ ఫ్లాస్కు పక్కన పెట్టి, కోడల్ని దగ్గరికి లాక్కుని కొంగుతో ముఖం తుడిచింది. "ఏడవకమ్మా. వాడికేం కాదు, లేస్తాడు," అంది ధైర్యంగా. తర్వాత నర్సు వినకుండా అటూ ఇటూ చూసి, కోడలి చెవి దగ్గరికి వంగింది.

"బర్రెకని నువ్విచ్చిన నీళ్లన్నీ గ్లాసుకి ఇంకించి, వాడికి చారు కాచిపోశా."