తెడ్డుకు చెవి ఆనిస్తే

మా ఆర్యపల్లిలో చేపల జాడను తెడ్డుతో వింటారు. తెడ్డును నీళ్లలోకి దించి పిడికి చెవి ఆనిస్తే, గొరక చేపల మంద గురగురలు పైదాకా వినిపిస్తాయి. ఏడాదిగా నాన్నకు వినిపించింది ఒక్కటే హోరు. ఒడ్డున మూతపడిన ఐసు ఫ్యాక్టరీలో ఎవరో డిజిటల్ నాణేలు తయారుచేసే యంత్రాలు పెట్టారు. వాటిని చల్లబరిచి వేడెక్కిన నీళ్లను పంపులతో సముద్రంలోకి వదిలేవారు. ఆ పంపులదే ఈ హోరు. నేను పనిచేసే బ్యాంకు నెలంతా వాడే కరెంటును ఆ షెడ్డు ఒక్క పూటలో మింగేది. నేను అర్జీలు రాశాను. ఊరంతా ఛత్రపూర్ వెళ్లి కలెక్టరాఫీసు ముందు ధర్నా చేసింది. ఈ సాయంత్రం యంత్రాలు లారీలెక్కి వెళ్లిపోయాయి.

చీకటి పడగానే నాన్న, నేను పడవలో బయల్దేరాం. నాన్న మోటారు ఆపి తెడ్డుకు చెవి ఆనించాడు.

"హోరు నేదే, గాయత్రీ!"

"చేపలున్నాయా?"

"మీ బేంకీలో ఏసీ అనుకున్నావేటి, మీట నొక్కగానే రాడానికి?" అని నవ్వినవాడు చటుక్కున ఆగాడు. "ఒచ్చీసినాయే! ఊరంత మంద! ఇను!"

నేనూ విన్నాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాన్న వల విసిరాడు.

గురగురలు ఒక్కసారిగా ఆగిపోయాయి. అలల చప్పుడు కూడా ఆగింది. వల తాడు బిగిసింది. మోటారు లేకుండానే పడవ లోతు వైపు మెల్లగా కదిలింది.

"తాడు కోసెయ్, నాన్నా. ఇది చేపల మంద కాదు."

"కోసీమంటావేటే? మనం గెల్సీసినామే!" అని అరుస్తూ నాన్న ఆ తాడును తన నడుముకు చుట్టుకున్నాడు.