కర్ర మోసే బరువు

వరద మా ఊరి వంతెనను ఊడ్చుకుపోయిన ఏడాది, ప్రపంచ పోల్‌వాల్ట్ పోటీనాడు పొరుగు దేశపు పిల్ల ఎగరడానికి తెచ్చుకున్న కర్రలు విమానం దిగలేదు.

"అక్కా, నీ కర్ర ఒకటిస్తావా?" అని తన ప్రత్యర్థినే అడిగింది.

అక్క మొగుడు ముందే అందుకున్నాడు. ఈ పిల్ల తప్పుకుంటే బంగారం తమదే. "మా ఆవిడ యాభై అయిదు కిలోలు, కర్ర ఆ బరువుకే చేయించింది. నువ్వెక్కితే విరుగుతుంది తల్లీ!"

పిల్ల బెదిరింది. "నేను అరవై నాలుగు."

"భయపడకు, నేను అరవై ఆరు," అంటూ భార్య కర్ర అందించింది.

"ఏమే! మరి ఆరేళ్లుగా నాకు చెప్పిందో?"

"మీకు అబద్ధం చెబితే ఏం విరగదు. ఆ పిల్ల ధైర్యంగా ఎగరాలి కదండీ."

ఆ కర్రతోనే పిల్ల బంగారం కొట్టేసింది. అక్కకు వెండి. మొగుడు అలిగి పడుకున్నాడు. కానీ ఇన్నేళ్లు ప్రాణంలా దాచుకున్న అంకెను ఆమె ఆ పిల్ల కోసం నలుగురిలో అనేసిందన్నదే అతని బుర్రలో తిరిగింది.

మర్నాడు పొద్దున్న హోటల్లో తన రెండు గుడ్లూ ఆమె పళ్లెంలో వేశాడు. "తినవే. మోసే కర్ర ఉందిగా!"