నీళ్ళ మాత్ర

ఆ రోజు చెంచమ్మ అరుగు మీద చేపల గంప దించి, దాని పక్కనే కూలబడింది.

కావలిలో ఒక వీధి చివరి ఇల్లది. ఇంటావిడ వెంకటశేషమ్మ తలుపు తీసి చూసింది. డెబ్బై దాటిన ఒంటరి మనిషి. అంతకుముందు ఏనాడూ చెంచమ్మను పిలిచి బేరమాడింది లేదు.

"ఏం మే, ఆయాసమా?"

"గుండె జబ్బమ్మా. రొంతసేపు కూచుంటే తగ్గతాది."

వెంకటశేషమ్మ మంచినీళ్ళిచ్చింది. వంగి, చెంచమ్మ కాలి మీద బొటనవేలితో నొక్కింది. పడిన గుంట ఎంతకీ పూడలేదు.

"మందులేవీ?"

చెంచమ్మ నడుముకున్న గుడ్డసంచి విప్పింది. మూడు అట్టల మాత్రలు. రెండు సగం ఖాళీ. మూడోదాంట్లోంచి ఒక్కటీ తియ్యలేదు.

"ఇదెందుకు వేసుకోలా?"

"అది నీళ్ళ మాత్రమ్మా. వేసుకుంటే మాటిమాటికీ ఒంటికి పోవాల. తెల్లారకముందే మా ఊరు తుమ్మలపెంటలో బయల్దేరి, మధ్యాన్నం దాకా వీధులు తిరగాల. చేపలామెను ఎవురు బాత్రూంలోకి రానిస్తారు? అందుకని చేపలకొచ్చే రోజు మానేస్తా."

"చేపలకు రాని రోజుండాదా?"

చెంచమ్మ ఆ అట్టను మళ్ళీ సంచిలో దోపబోయింది. వెంకటశేషమ్మ ఆపింది.

"పడవలోకి నీళ్ళూరితే ఏం జేస్తారు?"

"తోడిపోస్తాం."

"గుండె నీరసిస్తే నెత్తురు సరిగా తొయ్యలేదు. ఒంట్లో నీళ్ళు నిలిచిపోతాయి. కాళ్ళు వాచేదీ, పడుకుంటే ఊపిరాడనిదీ అందుకే. మిగతా రెండు మాత్రలు గుండె మీద బరువు తగ్గించేవి. ఇది నీళ్ళు తోడేది. నువ్వు తోడేదాన్నే మానేసినావు."

"నీకెట్ట తెలుసమ్మా ఇవన్నీ?"

"మా ఆయనకు తొమ్మిదేళ్ళు ఈ చేత్తోనే వేసినా."

వెంకటశేషమ్మ గంప వంక చూసింది.

"పావుకిలో కానాగంతలియ్యి. రేపటినుంచి రోజూ ఎనిమిదింటికి తేవాల. వాకిట్లో ఇచ్చిపోతే కుదరదు, పెరట్లో కూచొని శుభ్రం చేసియ్యాల. బాత్రూం ఆడనే ఉంది, వాడుకో. ఆ మాత్ర ఎనిమిదింటికి వేసుకోవచ్చా అని డాక్టర్ని అడిగి రా."

రోజూ అదే టైంకి వేసుకుంటే పర్లేదన్నాడు డాక్టరు.

అలా మొదలైంది.

చెంచమ్మ రాగానే వెంకటశేషమ్మ కాఫీ గ్లాసు పెట్టేది. మాత్ర మింగిందాకా ఎదురుగానే నిలబడేది. ఆ తర్వాత దూరంగా వసారాలో కుర్చీ వేసుకుని పెత్తనం మొదలుపెట్టేది. గీకిన చేపను మళ్ళీ గీకమనేది. కడిగిన ముక్కల్ని మళ్ళీ కడగమనేది. గంటన్నరకు తక్కువ వదిలేది కాదు. మధ్యాహ్నం బస్సు ముందు, గంప కడుక్కుని పొమ్మని ఇంకోసారి పిలిచేది.

"తినేది ఒక్క ముసలి ప్రాణం. దానికింత చాకిరీ" అని బస్సులో చెప్పి అందర్నీ నవ్వించేది చెంచమ్మ.

అయినా ఆమెకు ఆ ఏర్పాటు నచ్చింది. చాకిరీ చేస్తోంది, బాత్రూం వాడుకుంటోంది. ఎవరికీ ఎవరూ బాకీ లేరు.

ఇప్పటికీ ఎనిమిదైతే చెంచమ్మకు ఆ పెరడే గుర్తొస్తుంది. తడి చప్టా, కరివేపాకు చెట్టు, చక్కెర తగ్గిన కాఫీ, వసారాలోంచి ఆ గొంతు.

"ఎండుచేప తిన్నావా మే? కాలు మళ్ళీ ఉబ్బిందే."

"ఒక్క ముక్కమ్మా."

"ఉప్పు తింటే నీళ్ళు మళ్ళీ ఊరతాయి. ఒక్క ముక్కా వద్దు."

ఇంకోరోజు మోకాళ్ళ నొప్పికి షాపులో కొన్న మాత్ర చూసి లాక్కుంది. గుండె జబ్బుకు అవి పడవనీ, డాక్టర్ని అడక్కుండా మింగొద్దనీ కేకలేసింది.

రెండు నెలలకు కాళ్ళ వాపు దిగింది. చెంచమ్మ వెల్లకిలా పడుకుని నిద్రపోగలిగింది.

"బాగైపోయిందమ్మా. మిగిలిన మాత్రలు మా ఆడబిడ్డ దుర్గకిస్తా. దానికీ కాళ్ళు వాచినాయి."

పల్లెలో కూర పంచుకున్నట్టే మాత్రలూ పంచుకుంటారు. అందులో తప్పేముందో చెంచమ్మకు తెలియదు.

"మాత్రలు వేసుకుంటన్నావు గనక బాగుండావు. మానబాక. దుర్గ కాళ్ళెందుకు వాచినాయో డాక్టరు చూడాల. నీ మాత్ర నీకే."

దుర్గను ఆస్పత్రికి తీసుకుపోతే మూత్రపిండాల జబ్బన్నారు. తన మాత్ర ఇచ్చి ఊరుకునుంటే ఆ జబ్బు బయటపడేదే కాదని చెంచమ్మకు ఆ రోజు అర్థమైంది. చెప్పిన మనిషికి మాత్రం కృతజ్ఞతగా ఒక్క మాట చెప్పలేదు. రేపు చెప్పొచ్చులే అనుకుంది.

ఏప్రిల్ నడిమికి వేట నిషేధం వచ్చింది. రెండు నెలలు పడవలు ఒడ్డునే ఉన్నాయి. చెంచమ్మ ఇంటిపట్టునే ఉండి, ఎనిమిది కొట్టగానే మాత్ర వేసుకుంది. ఎదురుగా ఎవరూ లేకపోవడం వెలితిగా అనిపించింది.

జూన్‌లో పడవలు కదిలాయి. మొదటి వేటలో మంచి వంజరం పడింది. చెంచమ్మ దాన్ని ఎవరికీ అమ్మకుండా తడిగుడ్డలో చుట్టి ఆ ఇంటికి తెచ్చింది.

తలుపుకు తాళం ఉంది.

పక్కింటి వనజాక్షి బయటికొచ్చింది.

"పెద్దమ్మ పోయింది చెంచమ్మక్కా. మే నెలలో. నిద్రలోనే."

చెంచమ్మ అరుగు మీద కూర్చుంది. గుడ్డ విప్పింది.

"ఆయమ్మ ఎప్పుడూ కొనేదే గానీ ఊరకే ఒక్క చేప ఇయ్యలేదు నేను. ఈరోజు డబ్బులొద్దని చెప్పి, పులుసు నేనే పెట్టి, తింటావుంటే చూడాలనుకున్నా."

వనజాక్షి ఆ చేప వంకా, ఆమె వంకా చూసింది.

"పెద్దమ్మ జన్మలో చేప తినలేదక్కా. ఊరకే రమ్మంటే నువ్వు రోషానికి రావని, రోజూ నీ దగ్గర కొని గోడ మీదనుంచి మాకిచ్చేది."