జారిన భుజం

మేడం, నేను శైలజ అక్కని. జాకెట్టు పాఠానికని మా చెల్లి మీ క్లాసు ఆన్‌లైన్ బోర్డులో పెట్టిన కొలతలను క్లాసులోవాళ్లు నవ్వులపాలు చేశారు. కింద రాసినవాళ్ల పేర్లు మీకు తప్ప ఎవరికీ కనబడకుండా పెట్టింది మీరే.

ఎడమ భుజం జారిన ఆ కొలతల కింద ఒకరు, “ఇదేటి, మనిషా, ఒంగిపోయిన హేంగరా?” అని రాశారు. ఇంకొకరు, “దీనికి జాకెట్టు కాదే, సంచి కుట్టాల” అన్నారు. మీరు కింద నవ్వు బొమ్మ పెట్టారు.

శైలజ కాలేజీ మానేసింది.

“అవి నీవి కావని సెప్పీయొచ్చు కదే,” అన్నాను.

“సెప్తే నిన్ను సూసి నవ్వుతారప్పా,” అంది.

అవి నా కొలతలు. గజపతినగరం కొట్లో కుట్టు మిషను మీద వంగీ వంగీ జారిన భుజం అది.

శుక్రవారం మీ క్లాసుకు వస్తాను. రాసినవాళ్లు ఆ మాటలు నన్ను చూస్తూ చదవాలి. చదివిస్తారో లేదో గురువారం సాయంత్రంలోగా జవాబివ్వండి.