లెక్కలోకి రాని ఏడోవాడు

భయమంటే ఏమిటో నాకు తెలీదు. చిన్నప్పుడు పొలం గట్టు మీద పులి ఎదురైతే నేను పక్కకి జరగలేదు. అదే జరిగింది. అలాంటివాణ్ణి కాబట్టి, భయం కథ చెప్పే అర్హత నాకే ఉంది.

పాపలమ్మ ఆ రోజు పొద్దున్నించీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరుగుతోంది.

ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళ పిల్లల్ని ఆవిడ తన ఇంట్లోనే ఉంచుకుని చూస్తుంది. అందుకే వీధంతా కలిసి పాపలమ్మ అని పేరు పెట్టేశారు. ఈ ఏడు సర్కారు కొత్త రూలు తెచ్చింది. ఇళ్ళలో పిల్లల్ని చూసేవాళ్ళకీ లైసెన్సు ఉండాలట. ఒక మనిషి ఆరుగుర్ని మించి చూడకూడదట. సొంత ఇంటివాడైనా సరే, ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సినవాడైతే వాడూ లెక్కలోకే వస్తాడట. లెక్క దాటిందా, మర్నాటి నుంచి తలుపులు మూసుకోవడమే.

ఆరుగురూ చుట్టుపక్కల పిల్లలు. ఏడోవాడు ఇంటివాడు.

వాడికి నాలుగేళ్ళు. అయితేనేం, ఆరుగురి పెట్టు. తిన్న పది నిమిషాలకే తినలేదని పేచీ. చొక్కా గుండీలు పెట్టుకోవడం రాదు. గేటు తీసి ఉంటే చాలు, రోడ్డెక్కేస్తాడు. కిందటి నెల గ్యాసు పొయ్యి తిప్పేసి, వెలిగించకుండా వచ్చేశాడు. పిల్లలు పక్క గదిలో నిద్రపోతున్నారు. పాపలమ్మ వాసన పట్టకపోతే ఈ కథ చెప్పడానికి ఎవరూ మిగిలేవాళ్ళు కాదు.

"ఆ గ్యాసు సంగతి ఇన్‌స్పెక్టరు చెవిన పడితే?" అన్నాడు ఇంటాయన, ఆఫీసుకి చెప్పులేసుకుంటూ. "ఊరవతల ఆ చోటు చూసొచ్చాను. శుభ్రంగానే ఉంది. వరసగా మంచాలున్నాయి. ఫారం కూడా తెచ్చాను."

"గేటుకి తాళం కూడా ఉందటగా."

"ఆరా, ఏడా? ఇవాళే తేల్చుకో."

ఆవిడ తేల్చుకోలేదు. పదింటికి బయట ఇన్‌స్పెక్టరు స్కూటర్ ఆగింది. ఏడోవాడి రెక్క పట్టుకుని మెట్ల కింద సామాన్ల గదిలోకి నెట్టింది.

"నాన్నా, నేను తీసేదాకా కిక్కురుమనకు. దగ్గొస్తే మింగెయ్. కనబడ్డావంటే తీసుకుపోతారు."

గడియ పడింది.

భయమంటే తెలీదన్నాను కదా. ఆ చీకటి గురించి చెప్పాలంటే ఆ మాట వెనక్కి తీసుకోవాలి. నాకు ఎదురైంది పులి కాదు, గేదెదూడ. పక్కకి జరిగింది కూడా అది కాదు, నేనే. సరే, చీకటి. పాత బకెట్లు, చీపుళ్ళు, ఊపిరి పీలిస్తే ముక్కులోకి ఎక్కే సున్నం. తల ఎత్తితే మెట్టు తగులుతుంది. మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చున్నాడు ఏడోవాడు.

బయట చెప్పుల టకటక. కిటికీకి టేపు పెట్టి కొలిచారు. ప్లగ్గులకు మూతలున్నాయో లేదో చూశారు.

"ఈ పై అరలో మందులేంటి, ఇన్ని? పిల్లలకా?"

"కాదు మేడమ్. మా ఇంటివాళ్ళవి."

"ఊఁ. ఆరు చాపలు. ఆరుగురు పిల్లలు." పెన్ను గీసిన చప్పుడు.

అప్పుడు నోరు విప్పాడు ముందుపళ్ళు ఊడిన బుడతడు.

"మేడమ్, ఇంకొకళ్ళు దాక్కున్నారు."

పాపలమ్మ వాణ్ణి దగ్గరికి లాక్కుంది.

"ఎవరమ్మా ఆ ఇంకొకళ్ళు?"

"దాగుడుమూతలు మేడమ్. వీడు దొంగ. ఎంతమందిని పట్టుకున్నా వీడికి ఇంకొకళ్ళు మిగిలే ఉంటారు."

ఇన్‌స్పెక్టరమ్మ నవ్వలేదు. "ఆ మెట్ల కింద తలుపేంటి?"

"పాత సామాన్లు మేడమ్. తేళ్ళు కూడా ఉంటాయి."

"తేళ్ళున్న గది పెట్టుకుని పిల్లల్ని చూస్తున్నారా? తియ్యండి. నేను చూడని తలుపు ఈ ఇంట్లో ఉండకూడదు."

లోపల ఏడోవాడు అంతా విన్నాడు. వరసగా మంచాలు, గేటుకి తాళం కళ్ళకు కట్టాయి. దగ్గు మింగాడు. ఏడుపు మింగాడు. ఒంట్లో ఇంకొకటి మాత్రం మాట వినలేదు. తలుపు కింది సందులోంచి సన్నటి తడి హాల్లోకి పాకింది.

ముందుగా చూసింది బొద్దుపాప. ఐదేళ్ళది. చాప మీంచి లేచి, నడుచుకుంటూ వెళ్ళి, సరిగ్గా ఆ తడిలో నిలబడింది. గౌను గుప్పిట్లో నలుపుతూ రాగం అందుకుంది.

"నేనే... నేనే పోసేసుకున్నాను!"

ఒకరేడిస్తే మిగతావాళ్ళు ఊరుకుంటారా? ఆరు గొంతులూ ఒక్కసారి లేచాయి. ఇన్‌స్పెక్టరమ్మ చెప్పు తడిసింది. ఛీఛీ అంటూ ఒక్క గెంతులో గుమ్మం చేరింది.

"ముందు దాని బట్టలు మార్చండి తల్లీ!"

బాత్రూం అలవాటు నేర్పాలి అని కాగితం మీద రాసి, గుమ్మంలోనే సంతకం గీకింది.

"మళ్ళీ వస్తాను. ఆ గది అప్పుడు చూస్తాను. ఎప్పుడన్నది మాత్రం చెప్పను."

స్కూటర్ చప్పుడు వీధి మలుపు దాటాక పాపలమ్మ గడియ తీసింది. ఏడోవాడు బయటికి రాలేదు. చీపురుకట్టని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ పక్కనే చతికిలబడి, ముఖం తుడిచి, తడిబట్టలు విప్పి, పొడివి తొడిగింది. గుండీలు ఒక్కొక్కటే పెట్టింది.

"మళ్ళీ వస్తుందట," అంది, వాడితోనో తనతోనో.

ఒట్టు, ఇందులో ఇక నేను కల్పించింది ఏడోవాడి వయసొక్కటే: మొన్నటికి నాకు డెబ్బై నాలుగు నిండాయి.