పదకొండో మెట్టు

"మీ తమ్ముడి కేసు ఊసు మాత్రం ఎత్తకండమ్మా. ఎత్తారంటే అక్కడికక్కడ రికార్డింగ్ ఆపేస్తాను," అంది దావున్.

దావున్ సియోల్‌లోని ఒక టీవీ చానెల్‌లో ప్రేక్షకుల అభిప్రాయాల కార్యక్రమం నడుపుతుంది. ఈ వారం 'ఎనభై ఆరు చలికాలం' సీరియల్ వంతు. అందులో ఈ కాలపు డిటెక్టివ్ ఒకడు కళ్ళు తెరిచేసరికి 1986లో, ఓ చిన్న ఊరి పోలీస్ స్టేషన్‌లో ఉంటాడు. శనివారం వస్తే దేశమంతా పనులు మానుకుని అదే చూస్తోంది.

"ఎత్తనులే తల్లీ," అంది సున్‌రే. ఆమెకి అరవై దాటాయి. మార్కెట్లో వండిన కూరలమ్మే కొట్టు ఉంది. "చెయ్యని హత్యకి పద్నాలుగేళ్ళు లోపలున్నాడు. విడుదలైన రోజు జైలు గేటు దగ్గర ఆనవాయితీ ప్రకారం నా చేత్తో తెల్లటి టోఫు ముక్క తినిపించాను, మళ్ళీ ఆ గడప తొక్కకూడదని. మొన్న చలికాలంలో పోయాడు. పోలీసులు కొట్టి ఒప్పించారయ్యా, కేసు మళ్ళీ విచారించండని అడిగితే, కొత్త సాక్ష్యం ఏదంటోంది కోర్టు. ఈ నెలాఖరే గడువు. ముప్ఫై తొమ్మిదేళ్ళ తర్వాత నేనెక్కణ్ణించి తేను, చెప్పు?"

దావున్‌కి జాలేసింది. కానీ ఉద్యోగం ఉద్యోగమే. "ఈ గంటసేపూ సీరియల్ సంగతే మాట్లాడండమ్మా. 'పాత పోలీసు'తో వాదించాలి, పిలవండని ఆరుసార్లు రాశారు కాబట్టే పిలిచాం."

ఆ పాత పోలీసు అప్పుడే లోపలికి వచ్చాడు. అసలు పేరు గిల్‌సొప్. రిటైరైన డిటెక్టివ్. చానెల్ వెబ్‌సైట్‌లో ఆ మారుపేరుతో ఎపిసోడ్‌కి ఇరవై తప్పులు పడతాడు. ఫోన్ రంగు తప్పు, టోపీ బిళ్ళ తప్పు, బొగ్గు పొయ్యి పెట్టిన మూల తప్పు. ఎక్కడైనా తప్పు కనిపిస్తే సరిచేసేదాకా అన్నం సయించని మనిషి. ఈ కార్యక్రమంలో అందరినీ వెబ్‌సైట్ పేర్లతోనే పిలుస్తారు కాబట్టి సున్‌రే ఆయనకి ఉత్త 'కూరలక్క'.

ఆమె వెంట తెచ్చిన డబ్బా తెరిచింది. ఆయన తామరదుంప ముక్కలు రెండు నోట్లో వేసుకున్నాడు. "భలే ఉంది చెల్లెమ్మా. మా ఆవిడ పోయాక ఇలాంటి రుచి ఎరగను."

"ఇంకో ముక్క తీసుకోండి," అంది సున్‌రే.

లైట్లు వెలిగాయి. దావున్ అడగ్గానే సున్‌రే మొదలుపెట్టింది. "సీరియల్‌లో నాకైతే ఒక్క తప్పూ కనిపించలేదు. ఈ పెద్దాయనే పనిలేక వంకలు పెడుతున్నారు."

గిల్‌సొప్ చెవులు ఎర్రబడ్డాయి. "పనిలేకా? ఆ రోజుల్లో నేను అదే ఉద్యోగంలో ఉన్నానమ్మా."

"ఉంటే? పోయిన వారం చూపించిన విచారణ గది చూడండి. నేల కింద, ఏడు మెట్లు దిగి, తెల్లటి టైల్స్, వీధివైపు కిటికీ. అచ్చం అలాగే ఉండేది."

"మీరు చూశారా?"

"తీసినవాళ్ళు చూడకుండా తీస్తారా?"

ఆయన జాలిగా నవ్వాడు. "టైల్స్ అట. ఊళ్ళో స్టేషన్‌కి టైల్స్ ఎవడిచ్చాడు? ఉత్త సిమెంటు. మెట్లు పదకొండు. ఆఖరిది విరిగి ఉండేది, కొత్తవాడెవడైనా అక్కడ బోర్లా పడాల్సిందే."

"కిటికీ అయితే ఉండేదిగా?"

"ఎక్కడ కిటికీ? గాలికి జానెడు కన్నం, అంతే. దాన్లోనూ బొంత కుక్కేవాళ్ళం, చప్పుడు... చలి రాకుండా."

దావున్ కాగితాల మీంచి తలెత్తింది.

ఆ విరిగిన మెట్టు గురించి సున్‌రేకి తమ్ముడు సున్‌హో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. పోలీసులు తలకి గోనెసంచి తొడిగి దింపితే అక్కడే పడి ముందు పళ్ళు పోగొట్టుకున్నాడు. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు. ఆ తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా ఎన్నడూ నవ్వలేదు. సున్‌రే మొండిగా అంది. "ఏదో ఒక స్టేషన్‌లో అలా ఉందని ఎవరో చెప్పుంటారు మీకు."

"ఒకరు చెప్పేదేమిటమ్మా? మా గాహ్యన్ స్టేషన్. ఎనభై అయిదు నించి ఎనభై ఎనిమిది దాకా రోజూ ఎక్కి దిగాను. బిల్డింగ్ కూల్చేశారు గానీ నా కళ్ళకి కట్టినట్టుంది. ఏదీ, కాగితం ఇలా ఇవ్వండి."

దావున్ కాగితం, పెన్నూ ఆయన ముందుకి జరిపింది. రికార్డింగ్ ఆపమని ఎవరికీ సైగ చెయ్యలేదు.

ఆయన శ్రద్ధగా గీశాడు. మెట్లు, కన్నం, కుర్చీ, పక్కన నీళ్ళ తొట్టి. విరిగిన మెట్టుకి బాణం గుర్తు కూడా వేశాడు. పోలీసు అలవాటు ఎక్కడికి పోతుంది, కింద తేదీ వేసి, పేరు రాసి, సంతకం పెట్టాడు.

"ఇప్పుడు చెప్పండి చెల్లెమ్మా. తప్పు ఎవరిది?"

సున్‌రే ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుంది. మడత పెట్టలేదు. కన్నీళ్ళు దాని మీద పడకుండా కాస్త దూరంగా పట్టుకుంది.

"నేను సున్‌హో అక్కనండి," అంది. "ఎనభై ఏడులో వాడి కేసులో, గాహ్యన్ స్టేషన్‌కి నేల కింద గదే లేదని కోర్టులో ప్రమాణం చేసి చెప్పింది మీరే."